ఉక్రెయిన్ యుద్ధం, మైదాన్ ఉద్యమం గురించిన సినిమాలను ఏ వరుసలో చూడాలి? వాటిని ఎంతవరకు నమ్మవచ్చు?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ తమ్ముడు ఖార్కివ్‌లో వైద్యవిద్య చదువుతూ 2022 మార్చిలో చదువు మధ్యలో వదిలి ఇంటికి వచ్చేశాడు. ఆ దేశం గురించి మీకు టీవీ వార్తల్లో చూసిందే తప్ప మరేమీ తెలియదు కనుక, అక్కడి దర్శకులు తీసిన యుద్ధ చిత్రాలు, ఉద్యమ చిత్రాలు, చరిత్ర చిత్రాలు చూడాలనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలన్నది మీ మొదటి సందేహం. యుద్ధంలో ఉన్న దేశం తన గురించి తాను తీసుకున్న డాక్యుమెంటరీ ప్రచారం కాకుండా ఎలా ఉంటుందన్నది రెండోది. వీటిని తమ్ముడితో కలిసి చూడవచ్చా అని చివర్లో ఇంకొక మాట అడిగారు.

ముందుగా సూటి జవాబు చెబుతాను. 2013-14లో కీవ్‌లో ప్రభుత్వానికి వ్యతిరేకంగా సాగిన మైదాన్ ఉద్యమం మీద సెర్గీ లోజ్నిత్సా తీసిన 'మైదాన్' (2014)తో మొదలుపెట్టండి. తర్వాత ఇరీనా త్సిలిక్ 'ది ఎర్త్ ఈజ్ బ్లూ ఆజ్ యాన్ ఆరెంజ్' (2020), ఆ తర్వాతే మిస్తిస్లావ్ చెర్నోవ్ '20 డేస్ ఇన్ మరియుపోల్' (2023) చూడండి. ఈ మూడూ పూర్తయ్యాక వెనక్కి వెళ్ళి ఒలెక్సాండర్ దోవ్జెంకో మూకీ చిత్రం 'జెమ్ల్యా' (1930) చూస్తే, పై మూడు చిత్రాలు ఎందుకు అలా ఉన్నాయో అర్థమవుతుంది. రెండో సందేహానికి వస్తే, ఒక చిత్రం నిజమా ప్రచారమా అని మొత్తంగా తేల్చే ప్రయత్నం చేయకండి. కెమెరా ఎక్కడ నిలబడింది, ఎవరి చేతిలో ఉంది, దేన్ని చూడలేకపోయింది అన్న మూడు ప్రశ్నలు వేసుకోండి. మంచి ఉక్రెయిన్ డాక్యుమెంటరీలు ఈ ప్రశ్నలకు జవాబులను తమలోనే చెప్పుకుంటాయి. చెప్పనివి కూడా ఉన్నాయి, వాటి సంగతి కింద రాశాను.

నేను ఇరవై రెండేళ్ళుగా ఒక చిన్న పట్టణంలో ఫిల్మ్ సొసైటీ నడుపుతున్న బృందంలో ఉన్నాను. 2015 నుంచి ఉక్రెయిన్ చిత్రాలు వేస్తున్నాం. నాకు ఉక్రేనియన్ భాష రాదు, ఆ దేశానికి వెళ్ళలేదు, సబ్‌టైటిళ్ళ మీద ఆధారపడి చూసినవాడినే. అయితే ఈ చిత్రాలు మన ప్రేక్షకుల ముందు ఎక్కడ తడబడతాయో, ఎక్కడ పట్టుకుంటాయో హాలు వెనక నిలబడి చూసిన అనుభవం ఉంది. కింద రాసేది ఆ అనుభవంతోనే.

'మైదాన్'ను మొదట వేసినప్పుడు మేము ఘోరంగా విఫలమయ్యాం. నలభై మంది వచ్చారు, సగానికి పదకొండు మంది మిగిలారు. ఆ చిత్రంలో వ్యాఖ్యానం లేదు, ఇంటర్వ్యూలు లేవు, కథానాయకుడు లేడు. కెమెరాను ఒక చోట పెడతారు, అది దాదాపు కదలదు. జనం పాడతారు, టీ పోస్తారు, రొట్టె ముక్కలు కోస్తారు, చలి కాచుకుంటారు. మైకులో ఎవరో కవిత చదువుతుంటే ఆ మనిషి మనకు కనిపించడు. తేదీలు చెప్పే కొన్ని అక్షరాల చట్రాలు తప్ప దర్శకుడు మనకు చేయి అందించడు. ఆ చట్రాల్లోని పేర్లు తెలియనివారికి రెండు గంటల పైచిలుకు సినిమా గోడకు చెప్పుకున్నట్టే ఉంటుంది.

రెండోసారి వేసినప్పుడు ఒకే ఒక్క మార్పు చేశాం. ఒక కాగితం మీద తెలుగులో ఐదు వాక్యాలు అచ్చు వేసి అందరికీ పంచాం. యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందాన్ని ప్రభుత్వం పక్కన పెట్టడంతో 2013 నవంబర్ 21న కీవ్ నడిబొడ్డున ఉన్న స్వాతంత్ర్య చౌకులో యువత గుమిగూడారు. నవంబర్ 30 తెల్లవారుజామున పోలీసులు అక్కడున్న విద్యార్థులను చితకబాదారు, ఆ మరుసటి రోజు లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. 2014 జనవరి 16న పార్లమెంటు నిరసనలను అణిచే చట్టాలు చేసింది. ఫిబ్రవరి 18 నుంచి 20 వరకు కాల్పులు జరిగాయి, ఆ ఉద్యమంలో మరణించిన పౌరులు వంద మందికి పైనే. రెండు రోజుల తర్వాత అధ్యక్షుడు యానుకోవిచ్ రాజధానిలో లేడు. ఈ ఐదు వాక్యాలు చేతిలో ఉన్న రోజు ఒక్కరూ లేచి వెళ్ళలేదు. మీరు కూడా వీటిని పక్కన పెట్టుకుని చూడండి.

అప్పుడు ఆ కదలని కెమెరా బలం తెలుస్తుంది. మొదటి దృశ్యంలో తెర నిండా జనం, టోపీలు తీసి జాతీయ గీతం పాడుతుంటారు. చివరికి అదే చౌకులో శవపేటికలు జనం తలల మీదుగా సాగుతుంటే, కొడుకు తల్లితో మాట్లాడుకునే ఒక పాత జానపద శోకగీతం వినిపిస్తుంది. ఈ రెండు దృశ్యాల మధ్య ఒక సంతలాంటి గుంపు పౌర సమాజంగా ఎలా మారిందో మనకు ఎవరూ చెప్పరు, మనమే చూస్తాం. ఒక వంటశాల దృశ్యం ఉంది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇరుకు గదిలో ఒకరి భుజాల మీదుగా ఒకరు గిన్నెలు అందుకుంటూ ఉంటారు, కెమెరా వాళ్ళ దారికి అడ్డం రాకుండా మూలన నిలబడి ఉంటుంది. మన ఊళ్ళో పెళ్ళి వంటశాల చూసినవారికి ఆ కదలిక వెంటనే అర్థమవుతుంది. నాకు ఆ చిత్రంలో కాల్పుల కన్నా బాగా గుర్తున్నది ఆ గదే.

ఇక్కడ మనవారికి తెలిసిన ఒక సంగతి చెప్పాలి. 'నాటు నాటు' పాట 2021 ఆగస్టులో కీవ్‌లోని మారియిన్‌స్కీ ప్యాలెస్ ముందు చిత్రీకరించారు. ఆ భవనం ఉన్నది హ్రుషెవ్‌స్కీ వీధిలో. 2014 జనవరిలో టైర్లు తగలబెట్టి, రాళ్ళు రువ్వుకుని, మంచు మీద నీళ్ళ ఫిరంగులు ప్రయోగించిన వీధి అదే. 'మైదాన్' రెండో సగంలో మీరు చూసే పొగ ఆ వీధి పొగ. మా ప్రదర్శనల్లో ఈ మాట చెప్పినప్పుడు హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడరు.

ఇదే ఉద్యమం మీద 'వింటర్ ఆన్ ఫైర్' (2015) అనే చిత్రం నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. చాలామంది దానితోనే మొదలుపెట్టమంటారు. దర్శకుడు యెవ్గెనీ అఫినెయెవ్‌స్కీ రష్యాలో పుట్టినవాడు, అమెరికా, ఇజ్రాయెల్‌లలో పని చేసినవాడు. 93 రోజుల ఉద్యమాన్ని గంటా నలభై నిమిషాల్లో, ఇంటర్వ్యూలతో, సంగీతంతో, మ్యాపులతో చెబుతుంది. సులువుగా అర్థమవుతుంది, కన్నీళ్ళు తెప్పిస్తుంది. నాకు ఉన్న అభ్యంతరం ఒక్కటే. ఆ చిత్రం చూశాక మనకు ప్రశ్నలు మిగలవు. ఎవరు ఎప్పుడు ఏడవాలో సంగీతమే చెబుతుంది. ఉద్యమంలో ఉన్న రాజకీయ వైరుధ్యాలు, అతివాద జాతీయవాదుల ఉనికి, తూర్పు ప్రాంతాల వారి సందేహాలు అన్నీ పక్కకు తప్పుకుంటాయి. వీలైతే రెండూ చూడండి, కానీ 'మైదాన్' ముందు చూడండి. వరుస తిరగబడితే 'మైదాన్' మీకు విసుగ్గా ఉంటుందని మా అనుభవం.

రెండో చిత్రం ఎందుకు 'ది ఎర్త్ ఈజ్ బ్లూ ఆజ్ యాన్ ఆరెంజ్'? మనలో చాలామంది ఈ యుద్ధం 2022 ఫిబ్రవరి 24న మొదలైందనుకుంటారు. తూర్పున దొన్‌బాస్ ప్రాంతంలో ఉక్రెయిన్ సైన్యానికీ రష్యా అండ ఉన్న వేర్పాటువాదులకూ మధ్య 2014 నుంచే ఫిరంగులు పేలుతున్నాయి. ఈ చిత్రం ఆ ఎనిమిదేళ్ళ మధ్యకాలానిది. క్రాస్నొహోరివ్కా అనే పట్టణంలో, యుద్ధరేఖ పక్కనే ఒక తల్లి, ఆమె నలుగురు పిల్లలు నివసిస్తుంటారు. వాళ్ళు తమ జీవితం మీద తామే ఒక సినిమా తీసుకుంటుంటారు, త్సిలిక్ ఆ సినిమా తీయడాన్ని తీసింది. పెద్దమ్మాయికి ఛాయాగ్రహణం చదవాలని కోరిక. నేలమాళిగలో తలదాచుకున్న రాత్రిని మళ్ళీ నటించాలంటే దీపం ఎక్కడ పెట్టాలి, ఎవరు ముందు మాట్లాడాలి అని కుటుంబమంతా వాదులాడుకుంటుంది. యుద్ధం అంటే ఏమిటని పిల్లలు కెమెరా ముందు ఒకరి తర్వాత ఒకరు చెప్పాలి, ఒకరికి మాట రాదు. చివర్లో తాము తీసిన సినిమాను ఇరుగుపొరుగు వారికి చూపిస్తారు, అప్పుడు త్సిలిక్ కెమెరా తెర వైపు తిరగదు, చూస్తున్న ముఖాల వైపు తిరుగుతుంది. ఈ చిత్రానికి 2020 సన్‌డాన్స్‌లో ప్రపంచ డాక్యుమెంటరీ విభాగం దర్శకత్వ పురస్కారం వచ్చింది.

యుద్ధంలో మనుషులు బాధితులుగా కాక పనిచేసేవాళ్ళుగా, నవ్వుకునేవాళ్ళుగా, ఒకరిమీద ఒకరు విసుక్కునేవాళ్ళుగా కనిపించే చిత్రం ఇది. దీన్ని చూశాక మరియుపోల్‌కు వెళితే, ఆ శిథిలాల్లో ఏం పోయిందో మీకు తెలిసి ఉంటుంది.

ఈ మధ్యకాలం మీద కథాచిత్రాలు కూడా బలంగా ఉన్నాయి. నతాల్య వొరోజ్‌బిత్ తన నాటకం ఆధారంగా తీసిన 'బ్యాడ్ రోడ్స్' (2020)లో చెక్‌పోస్టుల దగ్గర, దారిలో, చీకట్లో జరిగే సంభాషణలే కథ. మరీనా ఎర్ గోర్బాచ్ 'క్లొండైక్' (2022) మలేసియా విమానం ఎంహెచ్-17 కూలిన 2014 జూలై 17 పరిసరాల్లో జరుగుతుంది. ఆ విమానంలోని 298 మందీ చనిపోయారు. గర్భవతి అయిన కథానాయిక ఇంటి గోడ పొరపాటున పడిన ఫిరంగి గుండుకు ఎగిరిపోతుంది, ఆ పెద్ద రంధ్రం గుండా పొలాలు సినిమా తెరలా కనిపిస్తుంటాయి, ఆమె మాత్రం అక్కడే ఊడుస్తూ, ఆవు పాలు పితుకుతూ ఉంటుంది. వలెంటిన్ వస్యనోవిచ్ 'అట్లాంటిస్' (2019) మరో రకం. యుద్ధం ముగిసిన ఏడాది తర్వాత, అంటే 2025లో, మనుషులు బతకలేని దొన్‌బాస్ ఎలా ఉంటుందో ఊహించి తీశాడు. ప్రధాన పాత్ర వేసిన ఆండ్రీ రిమరుక్ నటుడు కాడు, యుద్ధం చేసి వచ్చినవాడు. పాతిపెట్టిన శవాలను వెలికితీసి ఒక్కో వస్తువూ రాసుకునే దృశ్యం ఒకటి సుదీర్ఘంగా సాగుతుంది, దర్శకుడు ఎక్కడా కోత వేయడు. ఆ సినిమాను 2019లో ఒక భవిష్యత్ కథగా చూశాం, ఇప్పుడు అలా చూడటం కుదరదు.

ఇక '20 డేస్ ఇన్ మరియుపోల్'. దర్శకుడు చెర్నోవ్ అసోసియేటెడ్ ప్రెస్ వీడియో పాత్రికేయుడు, ఖార్కివ్ ప్రాంతం వాడు. 2022లో రష్యా దండయాత్ర మొదలైన నాడే ఫొటోగ్రాఫర్ యెవ్గెనీ మలొలెత్కా, నిర్మాత వసిలీసా స్తెపానెంకోతో కలిసి ఆగ్నేయ ఉక్రెయిన్‌లోని రేవు నగరం మరియుపోల్ చేరాడు. నగరం ముట్టడిలో చిక్కుకున్నాక అంతర్జాతీయ పాత్రికేయుల్లో చివరివరకు మిగిలినది వాళ్ళే. మార్చి 9న ప్రసూతి ఆసుపత్రి మీద బాంబు పడిన దృశ్యాలు ప్రపంచానికి చేరింది వారి ద్వారానే. 2024 మార్చిలో దీనికి ఉత్తమ డాక్యుమెంటరీ ఆస్కార్ వచ్చింది, ఉక్రెయిన్‌కు అది మొదటి ఆస్కార్. ఈ సినిమా తీయాల్సిన అవసరం రాకుండా ఉంటే బాగుండేదని వేదిక మీద చెప్పిన మొదటి దర్శకుడిని బహుశా నేనే అయి ఉంటానని చెర్నోవ్ ఆ సభలో అన్నాడు.

ప్రచారమా అన్న మీ ప్రశ్నకు ఈ చిత్రంలోనే రెండు చోట్ల జవాబు ఉంది. మొదటిది, చెర్నోవ్ తన పొరపాటును దాచుకోలేదు. తొలిరోజున వీధిలో ఏడుస్తూ ఎక్కడికి పోవాలో తెలియని ఒక స్త్రీ ఎదురవుతుంది. పౌరుల మీద కాల్పులు జరపరు, ఇంటికి వెళ్ళి కూర్చోండి అని ఆమెకు ధైర్యం చెబుతాడు. తర్వాత ఆమె ఉండే ప్రాంతం మీదే గుళ్ళు పడతాయి. ఆశ్రయకేంద్రంలో ఆమె మళ్ళీ కనిపించినప్పుడు క్షమాపణ అడుగుతాడు. తానే గొప్పవాడినని చూపించుకోవాలనుకునేవాడు ఆ దృశ్యాన్ని కత్తిరించి పారేసేవాడు. రెండోది, ఒక దృశ్యం చిత్రీకరించిన తర్వాత అదే దృశ్యం ప్రపంచ ఛానళ్ళలో కొన్ని క్షణాల ముక్కగా ఎలా వచ్చిందో, రష్యా అధికారులు దాన్ని నటుల నాటకమని ఎలా కొట్టిపారేశారో కూడా సినిమాలోనే చూపిస్తాడు. ఇంటర్నెట్ సంకేతం దొరికే ఒకే ఒక మెట్ల కింద నక్కి ఫైళ్ళు పంపుతుంటాడు, ఒక్కో ముక్క వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో మనం చూస్తాం. వార్త మన ఫోనుకు చేరేలోపు ఎన్నిసార్లు కుదించుకుపోతుందో ఇంత దగ్గరగా చూపించిన చిత్రం నేను మరొకటి చూడలేదు.

అయినా ఆ కెమెరాకు పరిమితి ఉంది. అది ముట్టడిలో ఉన్న నగరం లోపల నుంచి చూసింది, గుళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆ వైపు చూడలేదు, చూసే వీలు లేదు. ఆ అవతలి వైపు మనిషి గొంతు వినాలంటే ఒక్సానా కార్పోవిచ్ 'ఇంటర్‌సెప్టెడ్' (2024) చూడాలి. యుద్ధరంగం నుంచి రష్యా సైనికులు ఇంటికి చేసుకున్న ఫోన్లను ఉక్రెయిన్ నిఘా వర్గాలు పట్టుకుని బయటపెట్టాయి. ఆ సంభాషణలు వినిపిస్తుంటే తెర మీద ఖాళీ వంటిళ్ళు, విరిగిన కిటికీలు, రోడ్లు కదలకుండా కనిపిస్తాయి. భార్యకు ఏ బూట్లు ఎత్తుకొస్తున్నాడో ఒకడు చెబుతాడు, తాను ఇక్కడికి ఎందుకు వచ్చాడో అర్థం కావడం లేదని మరొకడు ఏడుస్తాడు. ఇక్కడ కూడా పైన చెప్పిన మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వేల ఫోన్లలోంచి ఏవి బయటపెట్టాలో మొదట ఎంచుకున్నది ఒక నిఘా సంస్థ, ఆ తర్వాతే దర్శకురాలు. గొంతులు అబద్ధం కావు, ఎంపిక మాత్రం ఎంపికే.

ఎంపికే లేని చిత్రం కూడా ఒకటి ఉంది. దర్శకుడు ఒలెహ్ సెంత్సోవ్ 2014లో రష్యా ఆక్రమించుకున్న క్రిమియా ద్వీపకల్పం వాడు. 2014 మేలో రష్యా అధికారులు అతణ్ణి అరెస్టు చేశారు, మరుసటి ఏడాది 20 ఏళ్ళ శిక్ష వేశారు. 2018లో జైల్లో 145 రోజులు నిరాహార దీక్ష చేశాడు, ఆ ఏడాదే యూరోపియన్ పార్లమెంటు మానవ హక్కుల కోసం ఇచ్చే సఖరోవ్ బహుమతి ఇచ్చింది. 2019 సెప్టెంబర్‌లో ఖైదీల మార్పిడిలో బయటికి వచ్చాడు, 2022లో సైన్యంలో చేరాడు. 2023 వేసవి పోరులో కందకంలో ఉండగా అతని హెల్మెట్ మీది చిన్న కెమెరా పొరపాటున ఆన్ అయి నడుస్తూనే ఉంది. ఆ సంగతి అతనికి తర్వాతే తెలిసింది. ఆ గంటన్నర దృశ్యాన్ని ఉన్నదున్నట్టుగా 'రియల్' (2024) పేరుతో విడుదల చేశాడు. 'రియల్' అన్నది అక్కడి ఒక సైనిక స్థావరానికి పెట్టుకున్న సంకేతనామం. మట్టిగోడ, చేతులు, రేడియోలో అరుపులు, చిక్కుకుపోయిన తోటివారి కోసం సాయం అడగడం, మళ్ళీ మట్టిగోడ. నిజం చెప్పాలంటే చూడటం కష్టం, మా సొసైటీలో నేను దీన్ని వేయలేదు. కానీ ఒక దర్శకుడు తీయకుండానే తయారైన సినిమా ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవారికి చెబుతున్నాను.

ఇప్పుడు చరిత్ర. మూడు కొత్త చిత్రాల తర్వాత 1930 నాటి 'జెమ్ల్యా' చూడమన్నది ఎందుకంటే, ఉక్రెయిన్ సినిమాలో అత్యంత సుందరమైనదీ, అత్యంత ఇబ్బందికరమైనదీ ఒకటే చిత్రం. సోవియెట్ ప్రభుత్వం రైతుల భూములను కలిపేసి చేయించిన సామూహిక వ్యవసాయాన్ని సమర్థించడానికి తీసిన సినిమా అది, అంటే అక్షరాలా ప్రచార చిత్రమే. ఊరికి ట్రాక్టర్ వస్తుంది, వసిల్ అనే యువకుడు భూమి గట్లను దున్నేస్తాడు. ఆ రాత్రి వెన్నెల్లో, దుమ్ము రేగే బాట మీద ఒంటరిగా నాట్యం చేసుకుంటూ ఇంటికి వస్తుంటాడు. నాట్యం మధ్యలో ఉన్నట్టుండి కూలిపోతాడు. దూరాన ఒక గుర్రం తల ఎత్తి చూస్తుంది. తుపాకీ కనిపించదు, పేల్చినవాడు కనిపించడు, మూకీ కనుక శబ్దమూ లేదు. ఆ నాట్యం ఎంతసేపు సాగుతుందో గమనించండి. ప్రచారానికి అవసరమైనదానికన్నా చాలా ఎక్కువసేపు సాగుతుంది. అందుకే కాబోలు, సోవియెట్ పత్రికల్లో దాని మీద దాడి జరిగింది, కోతలు పడ్డాయి. 1958లో బ్రసెల్స్‌లో విమర్శకులు ఎంచిన ప్రపంచపు పన్నెండు గొప్ప చిత్రాల్లో అది ఒకటిగా నిలిచింది.

ఆ సినిమా చిత్రీకరించిన పోల్టావా ప్రాంతం రెండు మూడేళ్ళలో కరవు కోరల్లో ఉంది. 1932-33లో బలవంతపు ధాన్య సేకరణ వల్ల ఉక్రెయిన్‌లో 35 లక్షలకు పైగా మనుషులు ఆకలితో చనిపోయారు. దాన్నే హోలోడోమోర్ అంటారు. ఆపిళ్ళ మీద వాన కురిసే 'జెమ్ల్యా' చివరి దృశ్యాలు ఆ సంగతి తెలిసి చూస్తే మింగుడు పడవు. సోవియెట్ కాలంలో దాదాపు చివరిదాకా ఆ కరవు మీద సినిమా రాలేదు, రానివ్వలేదు. ఒలెస్ యాంచుక్ 'ఫెమిన్-33' 1991లో వచ్చింది, స్వాతంత్ర్యంపై ఆ డిసెంబర్ 1న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు ముందు టీవీలో చూపించారు. సినిమాగా మహాద్భుతం కాదు. కానీ అరవై ఏళ్ళు మాట్లాడనివ్వని విషయం ఇళ్ళలోని తెర మీద కనిపించడం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

సెర్గీ పరాజనోవ్ 'షాడోస్ ఆఫ్ ఫర్గాటెన్ ఆన్సెస్టర్స్' (1965)లో యుద్ధం లేదు, ఉద్యమం లేదు. కార్పతియన్ కొండల్లో హుత్సుల్ తెగ వారి ప్రేమకథ, వాళ్ళ యాసలోనే. పరాజనోవ్ తబిలీసిలో పుట్టిన అర్మేనియన్, ఉక్రేనియన్ కాదు. అయినా దాన్ని ఉద్యమ చిత్రాల వరుసలో పెట్టాలి. 1965 సెప్టెంబర్ 4న కీవ్‌లోని 'ఉక్రయినా' థియేటర్‌లో తొలి ప్రదర్శన జరుగుతుండగా సాహిత్య విమర్శకుడు ఇవాన్ జ్యూబా వేదిక ఎక్కి, ఉక్రెయిన్ మేధావులను రహస్యంగా అరెస్టు చేస్తున్నారని చెప్పాడు. నియంతృత్వాన్ని వ్యతిరేకించేవారు లేచి నిలబడమని పాత్రికేయుడు వ్యాచెస్లావ్ చోర్నోవిల్ కేక వేశాడు. కవి వసిల్ స్తూస్ గొంతు కలిపాడు, కొందరు లేచారు. స్తూస్ చదువు పోయింది, తర్వాత సోవియెట్ నిర్బంధ శిబిరాల్లో గడిపాడు, సరిగ్గా ఇరవై ఏళ్ళకు 1985 సెప్టెంబర్ 4న పెర్మ్ శిబిరంలో చనిపోయాడు. చిత్రంలో కాదు, ప్రదర్శనలో ఉంది ఆ ఉద్యమం.

ఇంకా రెండు చిత్రాలు తప్పనిసరి. ఒకటి 'హైతర్మా' (2013). క్రిమియన్ తాతార్ దర్శకుడు అహ్తెమ్ సెయితబ్లాయెవ్ తీశాడు, ప్రధాన పాత్రా అతనే. 1944 మే 18న స్టాలిన్ ప్రభుత్వం క్రిమియన్ తాతార్లను రైళ్ళలో కుక్కి మధ్య ఆసియాకు తరలించిన కథ. అదే దేశం కోసం యుద్ధవిమానం నడిపిన అమెత్-ఖాన్ సుల్తాన్ కళ్ళ ముందే అతని వారిని లారీలు ఎక్కిస్తారు. కొంత మెలోడ్రామా ఉంది, మన ప్రేక్షకులకు అదేమీ అడ్డు కాదు. చిత్రం వచ్చిన మరుసటి ఏడాదే క్రిమియా రష్యా చేతికి పోయింది.

రెండోది లోజ్నిత్సాదే, 'బాబీ యార్. కాంటెక్స్ట్' (2021). 1941 సెప్టెంబర్ 29, 30 తేదీల్లో కీవ్ శివారు లోయలో నాజీలు 33,771 మంది యూదులను కాల్చి చంపారు. ఆ హత్యాకాండను తీసిన కదిలే దృశ్యాలు ఈ చిత్రంలో లేవు. ముందు జరిగినవి, తర్వాత జరిగినవి మాత్రమే పాత ఫిల్ముల్లోంచి ఏరి కూర్చాడు. ఎల్వివ్ ప్రజలు జర్మన్ సైన్యాన్ని పూలతో స్వాగతించడం కూడా అందులో ఉంది, స్థానిక పోలీసుల పాత్ర ప్రస్తావన కూడా ఉంది. చివర్లో 1946 జనవరిలో నాజీ నేరస్థులను కీవ్ చౌకులో వేలాది జనం ముందు ఉరి తీస్తారు. ఆ చౌకును అప్పట్లో కలీనిన్ చౌకు అనేవారు. ఇప్పటి పేరు స్వాతంత్ర్య చౌకు, అంటే మైదాన్. మీరు మొదటి చిత్రంలో చూసిన రాళ్ళ నేల అదే. నేను ఈ రెండు చిత్రాలను వారం తేడాతో వేస్తాను. ఆ చౌకును రెండోసారి గుర్తుపట్టిన ప్రేక్షకుడి ముఖం చూడటం నాకు అలవాటైన ఆనందం.

ఇప్పుడు హెచ్చరికలు. జాతీయ చరిత్ర మీద వచ్చిన భారీ చిత్రాలను జాగ్రత్తగా చూడండి. 2014 తర్వాత ప్రభుత్వ నిధులతో వచ్చిన వీరగాథల్లో కొన్ని మన పౌరాణికాల్లా శత్రువును కోరలతో నిలబెడతాయి. 'సైబోర్గ్స్' (2017) దొనెత్స్క్ విమానాశ్రయాన్ని 242 రోజులు కాపాడిన సైనికుల మీద తీసింది, ఇదీ సెయితబ్లాయెవ్‌దే. దాన్ని మాత్రం మినహాయించవచ్చు, ఎందుకంటే అందులో సైనికులు కాల్పుల మధ్య భాష గురించి, జాతి గురించి నిజంగా వాదించుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు జాతీయవాద గెరిల్లాలను కీర్తించే చిత్రాలు చూసేటప్పుడు, 1943లో వొలీన్ ప్రాంతంలో ఆ గెరిల్లాలు పోలిష్ పౌరుల మీద జరిపిన హత్యాకాండ మీద పోలెండ్ దర్శకుడు స్మర్జోవ్‌స్కీ తీసిన 'వొవీన్' (2016) కూడా చూడండి. చాలా హింసాత్మకమైన చిత్రం, అది కూడా ఒక పక్షపు చూపే. కానీ ఒక్క వైపు విని ఊరుకోవడం కన్నా మేలు.

లోజ్నిత్సా గురించి కూడా ఒక మాట. ఇక్కడ నేను అతని చిత్రాలు రెండు చెప్పాను కనుక మీకు తెలిసి ఉండాలి. 2022 మార్చిలో ఉక్రెయిన్ ఫిల్మ్ అకాడమీ అతణ్ణి బహిష్కరించింది. రష్యన్ దర్శకులందరినీ గంపగుత్తగా బహిష్కరించాలన్న పిలుపును అతను ఒప్పుకోకపోవడం దానికి నేపథ్యం, తనను తాను ప్రపంచ పౌరుడినని చెప్పుకుంటున్నాడన్నది అకాడమీ చెప్పిన కారణం. అక్కడి యువ దర్శకుల్లో చాలామందికి అతని మీద కోపం ఉంది, ఆ కోపానికి కారణాలు ఉన్నాయి. ఇంటి మీద బాంబులు పడుతున్నవారికి దూరం నుంచి సంయమనం బోధించినట్టు అనిపించడం సహజం. నాకు మాత్రం అతని కెమెరా అతని మాటల కన్నా నమ్మదగినది.

చివరిగా తమ్ముడి విషయం. ప్రతి ఒక్కరూ ఒకేలా ఉండరు కనుక అతణ్ణే అడగండి. నా సలహా అయితే '20 డేస్ ఇన్ మరియుపోల్' అతనితో చూడవద్దు, ముందు మీరు ఒక్కరే చూడండి. అందులో పసిపిల్లలను బతికించడానికి వైద్యులు చేసే ప్రయత్నాలు, అవి విఫలమవడం కత్తిరింపు లేకుండా ఉంటాయి. వైద్యం చదువుకున్నవాడికి ఆ గదిలో ఏం జరుగుతోందో మనకన్నా ఎక్కువ అర్థమవుతుంది. రెండేళ్ళ క్రితం ఈ చిత్రం వేసినప్పుడు ఒక తండ్రి వచ్చారు, ఆయన కొడుకు కూడా అక్కడి నుంచి తిరిగి వచ్చినవాడే. నేలమాళిగ దృశ్యం దగ్గర ఆయన లేచి బయటికి వెళ్ళి వరండాలో కూర్చున్నారు. మావాడు ఫోన్లో ఈ చప్పుడే వినిపించాడండీ, అప్పుడు ఏమిటో తెలియలేదు అన్నారు. మిగతా సినిమా ఆయన చూడలేదు. తర్వాతి నెల 'ది ఎర్త్ ఈజ్ బ్లూ ఆజ్ యాన్ ఆరెంజ్' వేసినప్పుడు కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. ఆ కుర్రాడు సినిమా అంతా కూర్చున్నాడు, పిల్లలు అలసిపోయి విసుక్కున్న చోట రెండుసార్లు గట్టిగా నవ్వాడు కూడా. మీరు కూడా తమ్ముడితో ఆ చిత్రమే చూడండి.